పగిలిందా, విరిగిందా, తెగిందా, చిట్లిందా? ‘పగులు’ అర్థం, వాడుక

నుడికడలి
పిల్లల కోసం తయారవుతున్న తెలుగు–తెలుగు పదకోశంలో ‘పగులు’ దగ్గర పని ఆగింది. పగులుకి ‘విరుగు’ అనీ, విరుగుకి ‘తెగు’ అనీ, తెగుకి ‘ముక్కలగు’ అనీ రాసుకుంటూ పోతే చదివిన పిల్లవాడు తిరిగి మొదటికే వస్తాడు. ‘తాడు పగిలింది’ అని గానీ ‘కుండ తెగింది’ అని గానీ ఎవరూ అనరు. తేడా అందరి నోట్లోనూ ఉంది, దాన్ని మాటల్లో పెట్టాలి. మూడు విషయాలు కావాలి:

ఈ క్రియల మధ్య అసలు తేడా ఏమిటి? పగలగొట్టు, పగులగొట్టు – ఏది రాయాలి? ‘బద్దలు’ని పగులుకి పర్యాయపదంగా ఇవ్వవచ్చా?

కొలబద్ద
అడగాల్సినవి రెండే. విడిపోకముందు ఆ వస్తువు ఆకారం ఏమిటి? దాని మీద బలం ఎటునుంచి పడింది?

విరుగు: పొడవుగా, గట్టిగా ఉన్నది వంపుకో దెబ్బకో తట్టుకోలేక అడ్డంగా రెండవడం. కొమ్మ, కర్ర, ఎముక, సుద్దముక్క, కుర్చీ కాలు, పెన్సిల్ మొన.

తెగు: పొడవుగా ఉండి, వంగే గుణం ఉన్నది లాగుడుకో కోతకో రెండవడం. దారం, తాడు, తీగ, గొలుసు, చెప్పు పట్టీ.

పగులు: బోలుగానో పలకగానో ఉన్న పెళుసు వస్తువు దెబ్బకో, వేడికో, ఎండిపోవడం వల్లనో గీతలు పడి విడిపోవడం. కుండ, సీసా, అద్దం, గుడ్డు, నేల, మడమ.

చీలు: నార వెంట, పోగు వెంట నిలువునా రెండవడం. వెదురు, కట్టె, కొబ్బరాకు. దారి చీలడం, పార్టీ చీలడం ఇక్కడి నుంచే.

చినుగు (చిరుగు): గుడ్డ, కాగితం, ఆకు లాంటి పలుచని మెత్తని వాటికి.

పిల్లలకు చెప్పడానికి విల్లు మంచి ఉదాహరణ. విల్లు విరుగుతుంది, దాని నారి తెగుతుంది. ఒకదాన్ని వంచుతున్నాం, ఇంకొకదాన్ని లాగుతున్నాం. ఇంకా పూర్తిగా కావాలంటే వీణ తీసుకోండి. తీగ తెగుతుంది, దండి విరుగుతుంది, కుండ పగులుతుంది, మెట్టు ఊడుతుంది. వాద్యం ఒకటే, నాలుగు భాగాలకు నాలుగు క్రియలు. వీటిలో ఏ రెండూ తారుమారు చేసినా తెలుగు కాదు.

అచ్చుపని
చిట్లు వదిలేశారు. ప్రూఫులు దిద్దేటప్పుడు ఎక్కువగా తడబడేది అక్కడే.

చిట్లడంలో ముక్కలు విడివడవు. సన్నని గీతో, పైపొరలో నెర్రో పడుతుంది. వార్తల్లో ‘ఎముక విరిగింది’, ‘ఎముక చిట్లింది’ అని వేరువేరుగా రాసేది అందుకే. చిట్లితే వెంట్రుకవాసి గీత మాత్రమే పడి ఎముక తన చోటే ఉంటుంది, విరిగితే రెండు కొనలు అవుతాయి. కీలు తప్పడం, బెణకడం ఈ లెక్కలోకే రావు. వాటిలో ఎముక విరగదు, చిట్లదు.

లోపలి ఒత్తిడికి పైపొర విచ్చుకున్నా చిట్లడమే. రక్తనాళం చిట్లుతుంది, నీళ్లెక్కువై టమాటా పండు చిట్లుతుంది.

పెదవుల విషయంలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చలికి పెదవులు *పగులుతాయి*. దెబ్బ తగిలితే పెదవి *చిట్లుతుంది*. మొదటిది ఎండిపోవడం వల్ల, మెల్లగా, చాలా గీతలుగా. రెండోది ఒక్కసారిగా, ఒకే చోట. కథలో ‘చలికి పెదవులు చిట్లి’ అని ఉంటే తప్పనలేం గానీ, పాఠకుడి మనసులో ముందు నెత్తురు మెదులుతుంది.

వెలిగొండ
కొలబద్ద గారూ, తెగు గురించి ఒక సందేహం. ‘చెరువు కట్ట తెగింది’ అంటాం. కట్ట వంగదు, దాన్ని ఎవరూ లాగరు. మట్టిగోడ కూలుతుంది, కట్ట మాత్రం ఎందుకు తెగుతుంది?

కొలబద్ద
మంచి ప్రశ్న. పైన రాసిన నిర్వచనాన్ని కొంచెం లోతుగా తవ్వాలి. తెగులో ప్రాణం లాగుడు కాదు, *కొనసాగింపు*. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎడం లేకుండా సాగుతున్నది ఎక్కడో ఒకచోట ఎడం పడితే తెగినట్టు. కట్ట అలాంటిదే. నీళ్లు ఒక్కచోట గండి కొడితే చాలు, మిగతా కట్టంతా అలాగే నిలబడి ఉన్నా కట్ట తెగింది అంటాం. గోడకి అలా కాదు. దాని పని నిలబడటం, కాబట్టి పడిపోతే కూలింది అంటాం.

సంబంధాలు తెగిపోవడం, తెగతెంపులు చేసుకోవడం, ‘ఎడతెగని వాన’ అన్నీ ఈ అర్థంతోనే. ఎడతెగని అంటే మధ్యలో ఎడం లేనిది.

బేరం దగ్గర ఇంకో మలుపు ఉంది. ‘బేరం తెగింది’ అంటే చెడిపోయిందని కాదు, ఖాయమైందని. సాగుతున్న మాటలు ఒకచోట ఆగి తేలిపోయాయని అర్థం. ‘ఎటూ తెగని వ్యవహారం’ అన్నప్పుడూ అంతే. పదకోశంలో దీన్ని విడి అర్థంగా ఇవ్వాలి. పిల్లలు ‘బేరం తెగింది’ని తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

సంధివేళ
రెండో ప్రశ్నకు నా సమాధానం. పగులగొట్టు అనేది ‘పగులన్ + కొట్టు’. చివర న్ ఉంది కాబట్టి దాని తర్వాతి క, గ అయింది. సరళాదేశ సంధి. పాత అచ్చులో ‘పగులఁగొట్టు’ అని అరసున్న కనిపించేది ఆ న్ ఆనవాలే. ఈ కుటుంబమంతా ఇలాగే కట్టుకుంది:

విరుగన్ + కొట్టు → విరుగఁగొట్టు → విరగ్గొట్టు
విడన్ + తీయు → విడఁదీయు → విడదీయు
ఊడన్ + తీయు → ఊడఁదీయు → ఊడదీయు
పగులన్ + పడి → పగలబడి (నవ్వు)

ఇక గు-కా, గ-కా అన్నది. వాడుక తెలుగులో ఇలాంటి మూడక్షరాల క్రియల్లో నడిమి అచ్చు తన తర్వాతి అచ్చును అనుసరిస్తుంది. పగు*లు*తుంది, పగి*లిం*ది, పగ*ల*దు. విరుగుతుంది, విరిగింది, విరగదు. పెరుగుతుంది, పెరిగింది, పెరగదు. ‘గొట్టు’కి ముందున్న ల అకారాంతం కాబట్టి నడుమది కూడా అకారమై *పగలగొట్టు* అయింది. నేటి వాడుకకు ఇదే సహజం. పగులగొట్టు పాత రూపం, తప్పు కాదు. పదకోశంలో మొదటిది ఇచ్చి, రెండోదాన్ని ‘చూ.’ (చూడండి) అని చూపితే సరిపోతుంది.

అచ్చుపని
సంధివేళ గారు చెప్పిన సూత్రంతోనే మరో రెండు తప్పులు సరిదిద్దుకోవచ్చు.

‘గ్లాసు పగలుతుంది’ తప్పు, పగులుతుంది. ‘గోడకు పగళ్లు’ తప్పు, పగుళ్లు. పగళ్లు అంటే పగటి వేళలు. నామవాచకం పగులు, బహువచనంలో లు, లు కలిసి ళ్లు అవుతుంది, కాలు–కాళ్లు లాగా. పగలు (దినం)తో దీనికి చుట్టరికం లేదు, రాతలో పక్కపక్కన ఉండటం తప్ప.

ఓరుగల్లుమాట
తెలంగాణ రూపం కూడా పదకోశంలో ఉండాలె. ఇక్కడ కుండ *పలుగుతది*, సీస *పలిగింది*, *పలగ్గొట్టిండు*. గ, ల ఒకదాని జాగల ఇంకొకటి పడ్డయి, దీన్ని వర్ణవ్యత్యయం అంటరు. ఉచ్చారణ దోషం అని కొట్టిపారేసేది కాదు. క్రియ మొత్తం అన్ని రూపాల్ల ఇట్లనే నడుస్తది.

ఒక్క జాగ్రత్త. పలుగు అంటే గడ్డపార కూడా, ‘పలుగూ పారా’ల పలుగు. రెండిటినీ పదకోశంల వేరువేరు పదాలుగ పెట్టాలె.

ఇంకొకటి. పాలు చెడితే కొన్ని జాగల ‘పాలు విరిగినయి’, కొన్ని జాగల ‘పాలు పలిగినయి’ అంటరు. రెండూ ఇవ్వుండ్రి.

నుడికడలి
తప్పకుండా. ప్రాంతం గుర్తుతో ఇస్తాం. అయితే పాలకు ‘విరుగు’ ఎలా కుదిరింది? అవి పొడవూ కావు, గట్టివీ కావు.

కొలబద్ద
అక్కడ ఆకారం కాదు, కట్టు ముఖ్యం. ఒకటిగా కలిసి ఉన్న పాలు తరకలుగా, నీళ్లుగా వేరుపడుతున్నాయి. దేనికైనా ఉన్న పట్టు పోవడం విరుగులో రెండో పెద్ద అర్థం. విషం పట్టు పోగొట్టేది విరుగుడు. ఇష్టం పట్టు పోతే మనసు విరగడం. ఇక్కడ రచయితలు కాస్త నిదానించాలి. ‘మనసు విరిగింది’ అంటే దుఃఖం కాదు, ఆ మనిషి మీదో పని మీదో ఇక ఇష్టం లేకపోవడం. దుఃఖానికి ‘గుండె పగిలింది’, ‘గుండె చెక్కలైంది’ ఉన్నాయి. ఆప్తుడు పోయిన సన్నివేశంలో ‘ఆమె మనసు విరిగింది’ అని రాస్తే, అతని మీద ఆమెకు రోత పుట్టిందన్న అర్థం వస్తుంది.

వాడుకవల్లి
విరుగు సంతానం చాలా పెద్దది. విరుచుతో మొదలుపెడితే: ఒళ్లు విరుచుకోవడం (బద్ధకం తీరడానికి సాగడం), మెటికలు విరవడం (దిష్టి తీయడానికి), పెదవి విరవడం (నచ్చలేదని తెలపడం), శత్రువు మీద విరుచుకుపడటం. పుల్లవిరుపు మాట అంటే ఎదుటివాడి ఉత్సాహాన్ని తుంచేసే కటువైన మాట.

విరగ అన్న రూపం క్రియకు ముందు చేరితే ‘చాలా ఎక్కువగా’ అని అర్థం. చెట్టు విరగకాసింది అంటే కొమ్మలు విరిగేంత కాపు. విరగబూసింది కూడా అంతే. పూత బరువుకు కొమ్మ విరగదన్న వాదన వద్దు, కాపు నుంచి పూతకు పాకిన వాడుక అది.

ఇక్కడో చిక్కుంది. విరి (పువ్వు), విరియు (వికసించు) వేరు, ఇది వేరు. పాత రాతలో ఇది బండి ఱతో *విఱుగు*. 1885 నాటి శబ్దరత్నాకరం లాంటి నిఘంటువుల్లో వెతికేవాళ్లు బండి ఱ రూపం గుర్తుపెట్టుకోవాలి. పూలు *విరిసాయి*, కొమ్మ *విరిగింది*. ‘విరిసిన కొమ్మ’, ‘విరిగిన కొమ్మ’ పూర్తిగా ఎదురుబొదురు బొమ్మలు.

సంధివేళ
వ్యాకరణం వైపు నుంచి ఇంకొకటి చేర్చాలి. దానంతట అది జరిగేదానికీ (అకర్మకం), ఒకరు చేసేదానికీ (సకర్మకం) జంటలు ఉన్నాయి. -గుతో ముగిసే అకర్మకం చాలాచోట్ల -చుతో సకర్మకం అవుతుంది:

తెగు – తెంచు
విరుగు – విరుచు
చినుగు – చించు
తునుగు – తుంచు

మునుగు–ముంచు, వంగు–వంచు, పెరుగు–పెంచు, దిగు–దించు కూడా ఈ అచ్చులోవే. తునుగు నేటి మాటల్లో లేదు, దాని తుంచు మాత్రం నిక్షేపంగా ఉంది. తునక కూడా ఆ వంశమే. తుంచడం అంటే వేళ్ల కొసలతో చిన్న ముక్క వేరు చేయడం. రొట్టె తుంచుతాం, పువ్వు తుంచుతాం. కత్తి వాడితే కోయడం అవుతుంది.

చీలుకి చీల్చు, పేలుకి పేల్చు ఉన్నాయి. పగులుకి పగల్చు ఉంది గానీ, మాటల్లో దాన్ని పగలగొట్టు పక్కకు నెట్టేసింది. కాబట్టి పదకోశంలో పగులుకి సకర్మకంగా ‘పగల్చు’ ఒక్కటే ఇస్తే పిల్లలు ఎవరూ అనని మాట నేర్చుకుంటారు.

చిట్లుకి చిట్లించు ఉంది గానీ అది ముఖానికే: ముఖం చిట్లించాడు. ‘ఎముకను చిట్లించాడు’ అనడం లేదు.

వెలిగొండ
పగిలింది, పగిలిపోయింది – ఒకటేనా?

అచ్చుపని
కాదు. ‘ఫోను పగిలింది’ అంటే తెర మీద గీతలు పడి ఉండవచ్చు, ఫోను పనిచేస్తూనే ఉండవచ్చు. ‘పగిలిపోయింది’ అంటే ఇక అంతే, చేజారింది. పోవు చేరితే పని పూర్తయిందనీ, వెనక్కి రాదనీ అర్థం. ‘పగిలి ఉంది’ అంటే ఎప్పుడు జరిగిందో తెలియదు, చూసేసరికి అలా ఉంది. ఫిర్యాదు రాసేటప్పుడు ఇది పనికొస్తుంది. పార్సిల్ విప్పినప్పుడే అలా ఉంటే ‘పగిలి ఉంది’ అని రాయాలి. ‘పగిలింది’ అని రాస్తే విప్పాక మీ చేతిలో జరిగిందనుకోవచ్చు.

యంత్రాలకు ఈ క్రియలేవీ ఊరికే వాడకూడదు. తిరగని ఫ్యాను ‘పాడైంది’, ‘చెడిపోయింది’. రెక్క ఊడిపడితేనో రెండైతేనో తప్ప విరిగింది అనం. బాగుచేయడానికి మరలు తీస్తే ‘విప్పారు’, ఒక భాగాన్ని బయటికి తీస్తే ‘ఊడదీశారు’, భాగాలన్నీ వేరుచేస్తే ‘విడదీశారు’. ఈ మూడింటిలోనూ మళ్లీ బిగించే వీలుంది. పగలగొట్టు, విరగ్గొట్టులో ఆ వీలు లేదు. పన్ను విషయంలో కూడా అంతే: *ఊడింది* అంటే వేరుతో సహా వచ్చింది, *విరిగింది* అంటే మొదలు చిగుళ్లలోనే ఉండిపోయింది.

కొలబద్ద
మూడో ప్రశ్న మిగిలింది. బద్దలు క్రియ కాదు, నామవాచక బహువచనం. బద్ద అంటే చీల్చగా వచ్చిన చెక్క: వెదురుబద్ద, కొలబద్ద, నాలుకబద్ద. పప్పుగింజలో సగం కూడా బద్దే: కందిబద్ద, శనగబద్ద. అందుకే బద్దలు*అవుతుంది*, బద్దలు*కొడతారు*. మరో క్రియ సాయం లేనిదే నడవదు. పగులుకి పర్యాయపదంగా ఇవ్వడం కంటే ‘పగిలి ముక్కలవు’ అని ఇవ్వడం నయం. పగలడం గీతతో ఆగిపోవచ్చు, బద్దలవడం ఆగదు. గోడ పగిలినా నిలబడే ఉంటుంది, బద్దలైతే నిలవదు. తలుపు బద్దలవుతుంది, అగ్నిపర్వతం బద్దలవుతుంది, రికార్డు బద్దలవుతుంది. వీటికి ‘పగిలింది’ వాడి చూడండి, కుదరదు.

వాడుకవల్లి
తల ఒక్కదాన్ని చూసినా తేడా తెలుస్తుంది. తల పగిలింది అంటే గాయం. తల పగిలిపోతోంది అంటే తీవ్రమైన నొప్పి. తల బద్దలు కొట్టుకుంటున్నాడు అంటే తెగ ఆలోచిస్తున్నాడు. తల తెగింది అంటే ప్రాణం పోయింది.

ముక్కల పేర్లు కూడా వస్తువును బట్టే. కుండవి పెంకులు, గోడ సున్నానివి పెచ్చులు, కొబ్బరికాయవి చెక్కలు, కూలిన విమానానివి శకలాలు. దెబ్బ పెద్దదైతే తునాతునకలు, ఇంకా నలిగితే నుజ్జునుజ్జు. నుజ్జుకి ముక్కంటూ మిగలదు.

ధ్వనిమంజరి
చప్పుడు మాటలు చేర్చకపోతే పదకోశం మూగగా ఉంటుంది. ప్రతి క్రియకూ తన చప్పుడు ఉంది.

భళ్లున పగిలింది: గాజు, పింగాణీ. నేల మీద పడి ముక్కలు చెదిరే చప్పుడు.
ఫెళ్లున విరిగింది: పెద్ద కొమ్మ, దూలం. ఫెళఫెళ అంటే వరుసగా.
చిటుక్కున విరిగింది: పుల్ల.
పుటుక్కున తెగింది: దారం, చెప్పు పట్టీ. అనుకోకుండా, ఒక్క క్షణంలో.
పర్రున చినిగింది: గుడ్డ. ఆ రెండు రకారాల్లో పోగులు వరుసగా వీడటం వినిపిస్తుంది.
టప్పున పేలింది: బుడగ.

వీటిని మార్చి వాడితే బొమ్మ చెడుతుంది. ‘దూలం పుటుక్కున విరిగింది’ అంటే అది దూలం కాదు, పుల్ల. ‘భళ్లున తెల్లవారింది’లో భళ్లున కూడా ఇదే: చీకటి ఒక్కసారిగా విచ్చుకుని వెలుగు చెదిరింది. ఎంత చక్కటి వాడుకో చూడండి.

పాఠశోధన
సంస్కృతం నుంచి వచ్చినవాటికి మూడు ధాతువులు గుర్తుపెట్టుకుంటే చాలు. ఛిద్ (నరకడం): ఛిన్నం, ఛేదం, శిరచ్ఛేదం. భిద్ (చీల్చడం): భిన్నం, భేదం, అభేద్యం. భంజ్ (విరవడం): భంగం, భగ్నం. శివుని విల్లు విరిగిన ఘట్టానికి ధనుర్*భంగం* అన్న పేరు అందుకే. విల్లు విరిగేది కాబట్టి భంజ్ ధాతువే సరిగ్గా అతికింది. లెక్కల్లో భిన్నం కూడా విడగొట్టిన భాగమే.

విచ్ఛిత్తి ఛిద్ నుంచి వచ్చింది. ఒక కణం రెండైతే ద్విధావిచ్ఛిత్తి, పరమాణు కేంద్రకం రెండైతే కేంద్రక విచ్ఛిత్తి. 1939లో ఒట్టో ఫ్రిష్ భౌతికశాస్త్రంలోని ఆ పేరును జీవశాస్త్రం నుంచే తీసుకున్నాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ రెండు చోట్లా ఒకే మాట నిలిచింది.

రాతలో చ్ఛ ముఖ్యం. వి + ఛిన్నం కలిసినప్పుడు మధ్యలో చ్ వచ్చి చేరుతుంది. విచ్చిన్నం, విఛ్ఛిన్నం రెండూ తప్పే.

వాడుకవల్లి
అనకూడని మాటల సంగతి కూడా చిన్న గమనికగా ఇవ్వండి. మంగళసూత్రం తెగినా, చేతి గాజు పగిలినా తెగింది, పగిలింది అనరు. *పెరిగింది* అంటారు. దీపం ఆరితే కొండెక్కింది అన్నట్టు. ఈ అర్థం తెలియని పిల్లలు కథల్లో ‘గాజు పెరిగింది’ అని చదివి గాజు పెద్దదైందనుకుంటారు.

నుడికడలి
అందరికీ ధన్యవాదాలు. ముసాయిదా ఇది, దిద్దండి (క్రి. అంటే క్రియ, అక. అకర్మకం, సక. సకర్మకం, నా. నామవాచకం):

*పగులు* (క్రి., అక.) 1. పెళుసైన వస్తువు దెబ్బకు గానీ వేడికి గానీ గీతలు పడి విడిపోవు. కుండ పగిలింది. 2. ఎండి బీటలు వారు. చలికి పెదవులు పగిలాయి. (సక.) పగలగొట్టు, పగులగొట్టు. (తెలం.) పలుగు. (నా.) గీతగా పడిన బీట, బహు. పగుళ్లు. పోల్చు: విరుగు, తెగు, చిట్లు, చీలు.

అచ్చుపని
బాగుంది. రెండు మార్పులు చేస్తే చాలు. పత్తికాయ దానంతట అది పగులుతుంది, దానికి దెబ్బా లేదు, వేడీ అక్కర్లేదు. ముదిరి విచ్చుకోవడం మూడో అర్థంగా చేర్చండి. ‘గుండె పగులు’ని నాలుగోదిగా, వాడుక అన్న గుర్తుతో ఇవ్వండి.

వెలిగొండ
తెగు రాసేటప్పుడు గొలుసుతో పాటు కడియాన్ని కూడా ఉదాహరణల్లో పెట్టండి. రెండూ ఒంటిమీద నగలే, లోహమూ ఒకటే కావచ్చు. అయినా గొలుసు తెగుతుంది, కడియం విరుగుతుంది.